అమ్మోరికి దాహమేసింది

డాబా మెట్లు సగం ఎక్కేసరికే రాధకి ముక్కు మండింది. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని మిగతా మెట్లు పరుగున ఎక్కింది.

"ఏటి కాలస్తన్నావు?" అంది. ఏం కాలుస్తున్నాడో కనబడుతూనే ఉంది.

చిట్టిబాబు వెనక్కి తిరగలేదు. పాత నూనె డబ్బాలో మంట వేసి కర్రతో పొడుస్తున్నాడు. నల్లటి పొగ పక్క మేడల మీద ఆరేసిన లుంగీల మధ్యనించి దూరి నదివైపు పోతోంది. డబ్బా అంచున ఇంకా అంటుకోని జడ ఒకటి వేలాడుతోంది. నీలం సంచులు, చిప్స్ పేకెట్లు, షాంపూ కాయితాలు ముడేసి, వర్షాకాలమంతా కూర్చుని రాధా మణిమాలా అల్లిన జడ. ఆటలో కాలవ వేషం కట్టే పిల్లకి ఒక్కొక్కరే వచ్చి ఒక్కొక్క జడ కడతారు. కట్టగా కట్టగా ఆ పిల్ల చెయ్యి లేవదు, కాలు లేవదు. అదే ఆట.

రాధ డబ్బాలో చెయ్యి పెట్టబోయింది. చిట్టిబాబు మణికట్టు పట్టుకుని లాగేశాడు.

"సెయ్యి కాలతాదే!"

"కాలనీ. వొదులు."

"కాలిపోయినాక ఏటి తీస్తావు అందులోంచి?"

నిజమే. మిగిలిన ఆ ఒక్క జడ కూడా చివర అంటుకుని, ముడుచుకుని, బొట్లుబొట్లుగా డబ్బాలోకి కారిపోయింది. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు.

"ఈయేల ఆట నేదు," అన్నాడు చిట్టిబాబు.

"నేదని ఎవులు సెప్పేరు?"

"నాను సెప్తన్నాను."

"నువ్వెవులివి సెప్పడానికి?"

ఆ మాటకి అతను కర్ర కింద పడేశాడు. మొగుణ్ణి అని అరుస్తాడనుకుంది. అరవలేదు. పిట్టగోడ మీద కూర్చుని మొహం తుడుచుకున్నాడు. మసి అంటింది.

"నిన్న మేనేజరు బాబు పిలిచేడు. గుడి పండగలో మీ ఆవిడ ఏదో ఆడిస్తాదట గదా, మన కార్కానా మీదే గదా అన్నాడు. నవ్వుతా అన్నాడు. అలాగ నవ్వుతా అంటే నాకు మరీ బయమేసింది."

"కార్కానా పేరు మేవెప్పుడెత్తేము? కాలవంటాం. చేపలంటాం."

"నీలం నీల్లంటారా అనరా?"

"నీలంగా ఉంటే నీలమనక మరేటంటాం?"

నది అవతల తన్లిన్‌లో గుడ్డలకి రంగులద్దే ఆ కార్ఖానాలో చిట్టిబాబు పంపుల మేస్త్రీ. కార్ఖానా వెనకాలే కాలవ. ఆ ఒడ్డునే మణిమాల వాళ్ల గుడిసె.

"మురుగంతా తొట్టిలో శుద్ది సేసే వొదులుతారని నీకెన్నిసార్లు సెప్పేను? పంపులు నానే గదా సూస్తాను!"

"మరి మణిమాల తమ్ముడి కాళ్ల మీద ఆ పుళ్లేటి?"

"దోమలు కుట్టుంటాయి."

రాధ అతని మొహంలోకి చూస్తూ నిలబడింది. చిట్టిబాబే చూపు తిప్పుకున్నాడు.

"రాంబాబుని మరిసిపోయేవా?" అన్నాడు గొంతు తగ్గించి. "ఆడేటి, తుపాకీ అట్టుకున్నాడా? మిలట్రీ రాజ్యం వొద్దని అందరితో పాటు గుమ్మంలో నిలబడి గిన్ని వాయించేడు. నీ ఆటలో తప్పెట వాయించేవోడు, గిన్ని వాయించినందుకు పోయేడు. ఇంకా కబురు నేదు. ఆల్ల అమ్మ ఏ జైలు కాడ నిలబడాలో తెలీక తిరగతన్నాది. ఐదుగురు గుమిగూడితే ట్రక్కు ఎక్కిస్తన్న రోజులివి. నీకు బయం నేదేటి?"

"ఉంది."

"మరేటికి ఎల్తావు?"

రాంబాబుని తీసుకుపోయిన తర్వాత రాధ ఇంట్లో ఒక చోట కూర్చోలేకపోతోంది. ఫోన్లో నెట్టు ఉన్నట్టే ఉండి పోతుంది. పక్కవాటా వాళ్లు కూడా తలుపు సందులోంచే మాట్లాడుతున్నారు. ఈ బర్మా పట్నం మొత్తం ఊపిరి బిగబట్టి ఉన్నట్టుంది. తప్పెట మోగినంతసేపే ఆమెకి ఊపిరాడుతుంది. ఇది మొగుడికి ఎలా చెప్పాలి?

మెట్ల మీద అలికిడైంది. అత్తగారు అప్పలనరసమ్మ తలంటు పోసుకుని, పసుపు చీర కట్టుకుని వచ్చి నిలబడింది. కొడుకుని చూసింది. కోడల్ని చూసింది. డబ్బాలో ముద్దగట్టిన నల్లటి కుప్పని మాత్రం చాలాసేపు చూసింది.

"పొయ్యి మీద అన్నం మాడిపోతంది. ఎవులైనా దించండి," అని కిందికి దిగిపోయింది.

చిట్టిబాబు చొక్కా తొడుక్కుని కార్ఖానా బస్సుకి వెళ్లిపోయాడు. అన్నం ముట్టలేదు. వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఆటకెల్లకే," అన్నాడు. కోపంగా అని ఉంటే రాధకి తేలికగా ఉండేది.

*

రాధ బయల్దేరేసరికి అప్పలనరసమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చంకలో అంబలి చెంబు. చెంబులో వేపరెమ్మ.

"నానూ వొస్తన్నాను."

"వొంతెన కాడ మిలట్రీవోళ్లుంటారు అత్తా."

"ఉండనీ. అమ్మోరికి అంబలి పొయ్యొద్దేటి?"

ఇంటి కోడలు వీధిలో గెంతడమేమిటని ఈ రెండేళ్లూ కోడలితో సగం మాటలు మానేసిన మనిషి. ఆట చూడ్డానికి ఒక్కనాడూ రాలేదు. ఇప్పుడు రాధ కంటే ముందు మెట్లు దిగి, లమ్మడా రోడ్డు మీద బస్సు కోసం నిలబడింది.

బస్సులో లింగరాజు ముందే ఎక్కి ఉన్నాడు. సేక్కాన్ రేవులో మూటలు మోసిన తాతల నాటి తప్పెటగుళ్లు గోనెసంచిలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. పక్కన మణిమాల, కాలవ వేషం కట్టే పిల్ల. జడలు కాలిపోయిన సంగతి రాధ ఇద్దరికీ చెప్పింది. ఎవరు కాల్చారో చెప్పలేదు. వాళ్లూ అడగలేదు.

"మరి నాకేటి కడతారక్కా?" అంది మణిమాల.

"సూద్దాం."

వంతెన దగ్గర బస్సు ఆపారు. మీసాలు కూడా సరిగ్గా రాని సిపాయి ఒకడు ఎక్కి, లింగరాజు ఒళ్లో సంచిని తుపాకీ మొనతో పొడిచాడు. డొల్లగా మోగింది.

"ఏంటిది?" అన్నాడు బర్మా భాషలో.

"దేవత ఊరేగింపుకి డప్పులు," అంది రాధ. "మా గుడి పెద్ద సత్యారావుగారు టౌన్‌షిప్ ఆఫీసులో అనుమతి తీసుకున్నారు."

సిపాయి ఆమెని వదిలేసి అప్పలనరసమ్మ వైపు చూశాడు. ఆవిడ చెంబులోని వేపరెమ్మని సర్దుకుంటోంది. ఏమనుకున్నాడో దిగిపోయాడు. బస్సు వంతెన దాటింది.

తన్లిన్‌లో దిగగానే రాధ గుడివైపు కాకుండా కాలవవైపు నడిచింది.

"ఇటెక్కడికే?" అన్నాడు లింగరాజు.

"జడలకి."

కాలవ ఒడ్డున నిలబడేసరికి లింగరాజుకి అర్థమైంది. సంచులు, రేపర్లు, చిరిగిన వలలు, చెప్పులు నీళ్లని కప్పేసి ఒడ్డుకి కొట్టుకుని ఉన్నాయి. వాటి సందుల్లో కనబడుతున్న నీళ్లు చిక్కటి నీలం. నిన్నటి నీలం కాదది, ఈ పూటది. కార్ఖానా గోడలోంచి పొడుచుకొచ్చిన గొట్టం మూతి ఇంకా ఓడుతోంది.

"సేత్తో ముట్టుకోకక్కా," అంది మణిమాల. "మా తమ్ముడికి మొదట దురదే వొచ్చింది."

వెదురు గెడతో లాగి, ఒడ్డున దులిపి, ముడులేశారు. ఆరేంత సమయం లేదు. అల్లినవి అల్లినట్టే నీలం కారుతున్నాయి. అప్పలనరసమ్మ రాలేదు. దూరంగా నిలబడి గొట్టం వైపే చూస్తోంది. కొడుకు పనిచేసే చోటు ఆవిడ ఎప్పుడూ చూడలేదని రాధకి అప్పుడు గుర్తొచ్చింది.

"అదేనా ఆడి పంపు?" అని అడిగింది ఆవిడ.

"అవునత్తా."

ఆవిడ చెంబుని ఇంకో చంకలోకి మార్చుకుంది.

*

గుడి ముందు జనం బాగానే చేరారు. తెలుగువాళ్లు సగం, చుట్టుపక్కల బర్మావాళ్లు సగం. అమ్మవారి పల్లకి చెట్టునీడన దించారు. ఉపన్యాసాలు వద్దమ్మా, ఆట ఆడి ముగించెయ్యండి అని సత్యారావు చేతులు పట్టుకున్నంత పని చేశాడు.

లింగరాజు గుండెల మీద తప్పెటగుళ్లు కట్టుకుని ఒక్క దెబ్బ వేసేసరికి పిల్లలు ముందుకి తోసుకొచ్చారు. మణిమాల కాలవై వచ్చింది. మోకాళ్లు వంచి, మోచేతులు మడిచి, బర్మా నాట్యపు అడుగులతో ముందు నెమ్మదిగా నడిచింది. తప్పెట జోరందుకోగానే తెలుగు గెంతు గెంతింది. చేపలు పట్టే ఆడవాళ్లు నవ్వి చప్పట్లు కొట్టారు. అప్పుడు ఆటగత్తెలు ఒక్కొక్కరే వచ్చి, నవ్వుతూ, పేరంటానికి వచ్చినట్టు ముస్తాబై, ఆమెకి జడలు కట్టడం మొదలుపెట్టారు. ముంజేతికి ఒకటి. నడుముకి ఒకటి. నీలం చుక్కలు ఆమె తెల్ల గుడ్డ మీద కారి చారలు కట్టాయి. మెడకి ఒకటి కట్టేసరికి నవ్వులు ఆగిపోయాయి. ఒక ముసలి జాలరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

అప్పుడే రాధ కంటికి చిట్టిబాబు కనిపించాడు. టీ దుకాణం పందిరి కింద, కార్ఖానా చొక్కాలో. పక్కన కుర్చీలో నల్లకళ్లద్దాల మేనేజరు.

జడ పట్టుకుని ఆటలోకి వస్తున్న ఆమె అడుగు తడబడింది. డ్యూటీలో ఉండాల్సిన మనిషి ఇక్కడెందుకున్నాడు? ఆ ప్రశ్న పూర్తిగా మనసులోకి రాకముందే మిలట్రీ ట్రక్కు వచ్చి పల్లకి పక్కన ఆగింది.

మొగుడే చెప్పాడా?

తప్పెట ఆగిపోయింది. సార్జెంటు దిగాడు. నడివయసు మనిషి, పెదాల చుట్టూ కిళ్లీ ఎరుపు. సత్యారావు అనుమతి కాగితం పట్టుకుని ఎదురెళ్లాడు. సార్జెంటు దాన్ని చూడను కూడా చూడలేదు.

"దేవత ఊరేగింపుకి అనుమతి ఇచ్చాం," అన్నాడు. "చెత్త కట్టుకున్న ఈ పిల్ల ఏ దేవత?"

సత్యారావు కాగితం మడిచేశాడు.

"అందరూ కూర్చోండి. ఫోన్లు బయటికి తియ్యండి."

జనం నేలమీద కూలబడ్డారు. మణిమాల కూర్చోలేకపోయింది. కాళ్లకీ చేతులకీ కట్లే. ఒక సిపాయి వచ్చి ఆమె మెడలోని జడ పట్టుకుని గుంజాడు. ఆ పిల్ల కెవ్వుమంది. రాధ ముందుకి ఉరికింది.

అంతకంటే ముందే ఇంకో కేక లేచింది.

అప్పలనరసమ్మ. జుట్టు విరబోసుకుని, వేపరెమ్మ పళ్ల మధ్య కరిచిపట్టుకుని, తూలుతూ వచ్చి సిపాయికీ మణిమాలకీ మధ్య నిలబడింది. తుపాకీ గొట్టం ఆవిడ పొట్టకి తగిలింది. ఆవిడ చూడలేదు. ఒళ్లంతా వణుకుతోంది. చెంబు చేజారి అంబలి సిపాయి బూట్ల మీద చిందింది.

"అమ్మా! తల్లీ!" అని తెలుగు ఆడవాళ్లు ఒక్కసారిగా లేచి మోకరిల్లారు. లింగరాజు చేతులు వాటంతటవే పూనకపు దరువు అందుకున్నాయి.

"నాట్ దేవత పూనింది," అన్నారు బర్మావాళ్లలో ఎవరో. ఆ గుసగుస జనమంతా పాకింది. సిపాయి జడ వదిలేసి రెండడుగులు వెనక్కేశాడు. వెనకాల ఇంకొకడు టోపీ తీసి చేతులు జోడించాడు.

రాధ వెనకనించి అత్తగారిని పట్టుకుంది. పడకుండా పట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి. పట్టుకున్నాక గానీ భయం వెయ్యలేదు. ఇన్నేళ్లలో ఈవిడకి ఎన్నడూ పూనకం రాలేదు. అందరికీ వచ్చే జాతరల్లో కూడా రాలేదు. ఇప్పుడు ఆ బక్క ఒళ్లు రెండు చేతులకీ ఆగడం లేదు. ఆవిడ వేళ్లు మాత్రం రాధ మణికట్టుని బిగించి పట్టుకున్నాయి. ఆ పట్టు అమ్మోరిదో అత్తగారిదో రాధకి తెలియలేదు.

"దాహం… దాహం…"

ఎవరో కొబ్బరిబొండం తెచ్చారు. అప్పలనరసమ్మ తోసేసింది. పసుపునీళ్లు తెచ్చారు. వేపరెమ్మతో సహా ఉమ్మేసింది.

"ఈ నీల్లు నాకొద్దు! నా కాలవ నీల్లు నాకు తేండి! నా నీల్లు నాకు తేండి!"

తెలుగు వచ్చినవాళ్లంతా బిగుసుకుపోయారు. సత్యారావు కళ్లు మూసుకున్నాడు.

"ఏం అడుగుతోంది అమ్మ?" సార్జెంటు గొంతు మారింది. రాధని చూసి, "నువ్వు చెప్పు," అన్నాడు.

పాలు అడుగుతోందని చెప్పవచ్చు. చల్లారిపోయిందని చెప్పి ఇంటికి తీసుకుపోవచ్చు. అబద్ధం పట్టుకునేవాళ్లు ఇక్కడ లేరు. రాధ తల ఎత్తింది. పందిరి కింద చిట్టిబాబు నిలబడి ఉన్నాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు.

దోమలు కుట్టుంటాయని పొద్దున అన్న నోరు అదే.

"దాహంగా ఉందట," అంది రాధ బర్మా భాషలో, అందరికీ వినబడేలా. "ఈ కాలవ నీళ్లే కావాలట. తెచ్చి ఇమ్మంటోంది."

సార్జెంటు క్షణం ఆలోచించి సిపాయికి తల ఊపాడు. వాడు టీ దుకాణంలోని తెల్ల పింగాణీ గిన్నె ఒకటి అందుకుని కాలవకి పరిగెత్తాడు. తెచ్చిన నీళ్లు గిన్నెలో ఇంకా నీలంగా కనిపించాయి. నీళ్ల మీద సన్నగా నురగ. సార్జెంటు బూట్లు విప్పాడు. గిన్నె రెండు చేతులా పట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని, తన పల్లెలో నాట్‌కి ఇచ్చినట్టే భక్తిగా అందించాడు.

అప్పలనరసమ్మ ఒక చేత్తో అందుకుంది. రెండో చెయ్యి రాధని వదల్లేదు.

"అత్తా," అంది రాధ ఆవిడ చెవిలో. "సాలు. ఇంక సాలు."

ఆవిడ వినలేదు. విన్నదేమో తెలియదు. గిన్నె పెదాలకి ఆనించింది.

"అమ్మా! తాగకే!"

బల్లలు కూలిన చప్పుడైంది. చిట్టిబాబు కూర్చున్నవాళ్ల మీదనించి పడుతూ లేస్తూ వచ్చి తల్లి మోచెయ్యి పట్టుకున్నాడు. గిన్నె ఒలికి ముగ్గురి బట్టల మీదా పడింది. అతను సార్జెంటు వైపు తిరిగి, ఏ భాషలో మాట్లాడుతున్నాడో తెలియని మనిషిలా బర్మా భాషలో అరిచాడు.

"తాగనివ్వకండి! అందులో రంగు మందులున్నాయి. ప్రాణం పోతుంది. శుద్ధి చెయ్యలేదు. ఈ పొద్దున డ్యూటీ ఎక్కగానే నేనే వదిలాను. నా చేత్తో వదిలాను!"

తప్పెట మళ్లీ ఆగిపోయింది. మణిమాల కట్లతోనే అతని వైపు తిరిగింది. నేల మీద కూర్చున్న జాలరులు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. లేవమని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. కూర్చోమని సిపాయిలూ అరవలేదు.

సార్జెంటు మోకాళ్ల మీద కూర్చునే ఉన్నాడు. నీలం అంటిన తన అరచేతులు చూసుకున్నాడు. వాటిని లుంగీ కట్టుకున్న మనిషిలా తొడలకి తుడుచుకోబోయి, యూనిఫాం గుర్తొచ్చి ఆగిపోయాడు.

"నిన్నెవరు వదలమన్నారు?"

చిట్టిబాబు నోరు తెరిచాడు. పందిరి కింద మేనేజరు కుర్చీలోంచి లేచి, కళ్లద్దాలు తీసి, ఫోను చెవికి ఆనించుకుని ఇటే చూస్తున్నాడు. చిట్టిబాబు అతన్ని చూశాడు. ట్రక్కుని చూశాడు. తల్లి భుజం మీద చెయ్యి తియ్యకుండానే రాధ వైపు తిరిగాడు. పొద్దుట అంటిన మసి చెవి పక్కన ఇంకా ఉంది.

"సెప్పెయ్యమంటావేటే?" అన్నాడు తెలుగులో, మెల్లిగా. "సెప్తే మరి నన్నింక ఇంటికి రానివ్వరు."

సార్జెంటుకి ఆ ముక్క అర్థం కాలేదు. మొగుడూ పెళ్లాల మొహాలు మార్చి మార్చి చూసి, లేచి నిలబడి, మళ్లీ రాధనే అడిగాడు.

"ఏమంటున్నాడు వీడు?"